ముంజేతి ఎముక

పుష్కరం ఎప్పుడో దాటింది ఈ బరువు నెత్తికెత్తుకుని. మోస్తున్నట్టు ఎవరికీ కనబడకుండా మోయడం కూడా ఈలోగా అలవాటైపోయింది. నా పేరు చెప్పను. చెబితే మా ఊరు తెలిసిపోతుంది, ఊరు తెలిస్తే మా చెల్లెలి ఇల్లు తెలిసిపోతుంది. చెప్పబోయే పేర్లు కూడా అసలువి కావు. మీరు నన్ను ఎరగరు. అదే నాకు ధైర్యం. ఎరిగినవాళ్ళ ముందు ఈ మాట నోటిదాకా వచ్చి ఎన్నిసార్లు వెనక్కి పోయిందో నాకే తెలుసు.

ఒక మనిషి నన్ను నమ్మింది. నేను ఆమె మీద నింద పడేలా చేశాను. విషయం ఇంతే. ఇక ఎలా జరిగిందో చెబుతాను. నన్ను నేను కాస్త మంచిగా చూపించుకునే చోట్లు వస్తాయి. వచ్చినప్పుడు మీరు నమ్మకండి.

నేను వినుకొండలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసేవాణ్ణి. ఇప్పటికీ అదే పని, ఆసుపత్రి మారింది. మా ఊరు అక్కడికి బస్సులో గంట లోపే. గుట్టల మధ్య మిరప చేలు, పత్తి చేలు. కాలవ మా దాకా రాదు. బోరు నీళ్ళే తాగాలి, ఆ నీళ్ళలో ఫ్లోరైడు. మా నాన్న మెడ తిరిగేది కాదు. వెనక నుంచి ఎవరైనా పిలిస్తే బండి తిప్పినట్టు మనిషి మొత్తం తిరిగేవాడు. చివరికి మంచం మీద కూడా విల్లులా వంగే పడుకునేవాడు. పాడె మీద పడుకోబెట్టేటప్పుడు తల కింద ఎత్తుకు బట్టలు పెట్టాల్సి వచ్చింది. మా ఊళ్ళో ఇలాంటి ఇల్లు మాదొక్కటే కాదు.

నాన్న మంచాన పడ్డాక మమ్మల్ని పెంచింది కోటయ్య మావయ్య, మా అమ్మ తమ్ముడు. నన్ను ఎక్స్‌రే కోర్సులో చేర్పించింది ఆయన. మా చెల్లెలు రమణ పెళ్ళి చేసింది ఆయన. ఊరి పక్క గుట్ట మీద గ్రానైట్ క్వారీ పడ్డాక ఊరిని కూడగట్టి కోర్టుకెక్కింది కూడా ఆయనే. క్వారీ వాళ్ళు పేలుళ్ళతో, పెద్ద మోటార్లతో పైనీళ్ళు ఎండగొట్టారు, అందుకే మేము లోతుకి బోర్లు వేసుకోవాల్సి వచ్చింది, ఆ లోతు నీళ్ళే మా ఎముకలు తినేశాయి. ఇదీ కేసు. అందులో నిజం లేకపోలేదు. క్వారీ వచ్చాక జబ్బు ముదిరింది. కానీ మా నాన్న మెడ బిగుసుకుపోయింది క్వారీ రాకముందు. అది ఊరందరికీ తెలుసు. ఎవరూ పైకి అనేవాళ్ళు కాదు. నేనూ అనలేదు.

అప్పుడు పద్మజ వచ్చింది.

ఊరి చివర పొలంలో కుంట తవ్వుతుంటే పెద్ద పెద్ద రాతిపలకలు బయటపడ్డాయి. మా వైపు వాటిని రాక్షసగుళ్ళు అంటారు. వేల ఏళ్ళ కిందటి సమాధులు. యూనివర్సిటీ నుంచి తవ్వకాల వాళ్ళు వచ్చి డేరాలు వేశారు. వాళ్ళలో పద్మజ పాత ఎముకల మీద పరిశోధన చేస్తోంది. మంగళగిరి పిల్ల, మగ్గాల ఇంట్లో పుట్టింది. ఎప్పుడూ నేత చుడీదారే, మోకాళ్ళ దగ్గర ఎర్రమట్టి. భోజనానికి ఒక్కోసారి మా రమణ ఇంటికి వచ్చేది. రమణ కూతురు హారిక అప్పుడు చంటిది, కొత్తగా నడక నేర్చింది. దాన్ని ఒళ్ళో కూర్చోబెట్టుకుని చింతచిగురు పప్పు కలిపి తినిపించేది. అక్కడే నాకు పరిచయం. మొదటి రోజు నుంచీ నన్ను అన్నయ్యా అనే పిలిచింది.

ఒక రోజు ఆమె అట్టపెట్టె పట్టుకుని మా ఆసుపత్రికి వచ్చింది. లోపల దూది మధ్య ఒక ముంజేయి, కొన్ని వెన్నుపూసలు. ఎక్స్‌రే తీసి పెట్టాలంది. డాక్టరు గారు నవ్వి, తీయవయ్యా, ఈ పేషెంటు కదలడు అన్నారు.

తీశాను. ఫిల్మ్ కడిగి లైటు ముందు పెట్టాను. 

ఆ చెయ్యి నాకు తెలుసు. మా ఊరి వాళ్ళు నొప్పులంటూ వస్తే డాక్టరు గారు ముందు ముంజేయి తీయమనేవారు. అక్కడ పక్కపక్కన రెండు ఎముకలుంటాయి, మధ్యలో పల్చటి పొర. ఫ్లోరైడు ఎక్కువైతే ఆ పొర కూడా ఎముకగా మారుతుంది, ఫిల్మ్ మీద రంపం పళ్ళలా కనిపిస్తుంది. మా నాన్న ఫిల్మ్‌లో చూశాను. ఇప్పుడు రాక్షసగుళ్ళలోని మనిషి చేతిలో చూశాను. వెన్నుపూసలు ఒకదానికొకటి అతుక్కుని వెదురుగెడలా ఉన్నాయి.

ఆమె చాలాసేపు ఆ ఫిల్మ్ వంక చూసి, తర్వాత నాకు విడమరిచి చెప్పింది. భూమిలో అన్నేళ్ళు పడివున్న ఎముక మట్టిలోంచి ఫ్లోరైడు ఎలాగూ పీలుస్తుంది కాబట్టి పొడి చేసి పరీక్షిస్తే ఎవరూ నమ్మరట. కానీ ఈ పొర గట్టిపడటం మాత్రం మనిషి బతికుండగానే జరగాలి. అంటే క్వారీలూ, బోర్లూ లేని కాలంలో కూడా ఈ నేల మీద నీళ్ళు తాగినవాళ్ళు ఇలాగే వంగిపోయారు. అది చెబుతూ ఆమె సంతోషపడలేదు. కళ్ళు తుడుచుకుంది. తర్వాత అంది, ఇది చాలన్నయ్యా, ఇక తీర్పు కోసం కాచుక్కూర్చోనక్కర్లేదు, బోర్లు మూసేసి నది నీళ్ళు తెప్పించమని ఎవరినైనా అడగొచ్చు, తప్పు ఎవరిదో తేలేదాకా పిల్లలు ఆగలేరు కదా అని.

ఫిల్మ్ ఇంకా స్పష్టంగా రావాలి, మరో రెండు కోణాల్లో తీయాలి అన్నాను. ఆమెకి ఆ సాయంత్రం గుంటూరు వెళ్ళే పని ఉంది. పెట్టె, ఫిల్మ్ రెండూ నా చేతికిచ్చి, జాగ్రత్తన్నయ్యా, ఎల్లుండి వస్తాను అని వెళ్ళిపోయింది. ఆ ఎముకలు బయటికి తేవడానికి వాళ్ళ సారు నోటిమాటగా ఒప్పుకున్నారట, అంతే. కాగితం మీద ఏమీ లేదు. అది కూడా నాకు చెప్పింది. ఎందుకు చెప్పిందో. నమ్మింది కాబట్టి చెప్పింది.

ఇక్కడ నేను చాలా ఏళ్ళు నాకు నేనే ఒక అబద్ధం చెప్పుకున్నాను. కోటయ్య మావయ్య ఎలాగో తెలుసుకుని వచ్చి బలవంతం చేశాడని. అలా జరగలేదు. నేనే వెళ్ళి చెప్పాను. ఎవరూ అడగకుండా, ఆదివారం పూట ఆయన అరుగు మీద కూర్చుని, కాఫీ తాగుతూ చెప్పాను. ఎందుకు? గొప్ప కోసం. యూనివర్సిటీ మనిషి నన్ను నమ్మి అంత విలువైన వస్తువు అప్పగించిందని, ఆ ఫిల్మ్ నేను చదవగలిగానని చెప్పుకోవాలనిపించింది. జీవితమంతా ఎక్స్‌రే గదిలో నిలబడేవాణ్ణి, నాకంటూ చెప్పుకోవడానికి అదొక్కటి దొరికింది.

ఆయన కప్పు కింద పెట్టాడు.

"ఒరేయ్, ఇది క్వారీ వాళ్ళ వకీలు చెవిన పడిందనుకో. ఇంకేముంది కేసు? మీ నేలే అంత, మా మీద పడతారేంటి అంటాడు. ఊరు మునిగిపోద్దిరా," అన్నాడు. "ఆ పెట్టె ఎక్కడుంది?" అని అడిగాడు.

నా దగ్గరే ఉందన్నాను. ఆయన నా వంక చూశాడు. నన్ను పెంచిన కళ్ళు అవి. మర్నాడు పొద్దున్నే ఆసుపత్రి వెనక గేటు దగ్గర స్కూటరు ఆపాడు. నేను పెట్టె తెచ్చి ఇచ్చాను, ఫిల్మ్‌తో సహా. ఆయన ఎరువుల గోతం కప్పి ముందు పెట్టుకుని వెళ్ళిపోయాడు. నా చేతులు ఒణకలేదు. ఊరి కోసం చేస్తున్నాననుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే ఆ ఒణకకపోవడమే భయంగా ఉంటుంది.

చెప్పినట్టే పద్మజ వచ్చింది. ఆ సంభాషణ నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"అన్నయ్యా, తీశారా? ఎలా వచ్చాయి?"

"ఏవండీ?"

నవ్వింది, నేను వేళాకోళం ఆడుతున్నాననుకుని. "మన పేషెంటు."

"మీరు పట్టుకెళ్ళారు కదండీ, ఆ సాయంత్రమే."

"నేనా? నేను గుంటూరు బస్సెక్కాను కదన్నయ్యా. మీ చేతికే ఇచ్చానుగా."

"ఇచ్చారు, మళ్ళీ వచ్చి తీసుకెళ్ళారు. గుర్తులేదా మీకు? ఫిల్మ్ కూడా తీసుకెళ్ళారు."

నవ్వు ఆగిపోయింది. గదంతా చూసింది. బీరువా తెరిచాను, ఖాళీ అర చూపించాను. ఆమె నా మొహంలోకి చూసింది. కోపంగా చూసి ఉంటే ఎదురు కేకలేసి తప్పించుకునేవాణ్ణి. కోపం లేదు. తెలిసినవాళ్ళు పోయారని చెబితే ఒక్క క్షణం అర్థంకాక చూస్తామే, అలా చూసింది.

"అన్నయ్యా, ఏం జరిగిందో చెప్పండి. పోతే పోయాయని చెప్పండి, పగిలిపోతే పగిలాయని చెప్పండి. నేను చూసుకుంటాను. ఇలా మాత్రం చెప్పకండి."

"ఉన్నది చెబుతున్నానండీ. మీరే పట్టుకెళ్ళారు."

అంతే. బయట పేషెంట్లు ఎదురు చూస్తున్నారని గుర్తుచేశాను కూడా.

తర్వాత యూనివర్సిటీ నుంచి విచారణకి ఇద్దరు వచ్చారు. నన్ను అడిగారు. మళ్ళీ అదే చెప్పాను. ఈసారి ఇంకా తేలిగ్గా వచ్చింది, బస్సు ఏ వేళప్పుడు, ఆమె ఏ రంగు చున్నీ వేసుకుంది అన్నీ చేర్చి మరీ చెప్పాను. కాగితం లేకుండా ప్రభుత్వ వస్తువు బయటికి తీసుకెళ్ళి పోగొట్టిందని తేల్చారు. అనుమతిచ్చిన సారు తాను ఇవ్వలేదన్నాడట. ఆమెని తవ్వకాల నుంచి పంపేశారు. పరిశోధన ఆగిపోయిందని తర్వాత విన్నాను. సమాధి ఫోటోలు ఉన్నాయి కానీ మట్టిలో ఉన్న ఎముక ఫోటోలో ఆ పొర తెలియదు. ఆమె మాట తప్ప ఇంకేమీ మిగల్లేదు. మాట ఎవరు నమ్ముతారు?

ఊళ్ళో కేసు నడిచింది. నడుస్తూనే ఉంది. మధ్యలో ఒకసారి ఊరికి నీళ్ళు శుభ్రం చేసే ప్లాంటు పెడతామని అధికారులు వచ్చారు. కోటయ్య మావయ్య ఊరందరినీ కూర్చోబెట్టి, ఇప్పుడు అది తీసుకుంటే కష్టం తీరిపోయిందిగా అని కోర్టు కేసు కొట్టేస్తుంది, ఇంకొంచెం ఓపిక పట్టండి అన్నాడు. పట్టారు. ప్లాంటు ఇంకో ఊరికి పోయింది. ఆ రోజు నేనూ ఆ జనంలోనే ఉన్నాను. లేచి ఒక్క మాట చెప్పి ఉంటే? ఎముక లేకపోయినా నేను చూసింది చూశానని చెప్పి ఉంటే? నాది వినుకొండలో కాపురం. కాలవ నీళ్ళు తాగుతున్నాను. నా పిల్లల పళ్ళు తెల్లగా ఉన్నాయి. ఆ సాయంత్రం బస్సెక్కి నా ఇంటికి వెళ్ళిపోయాను.

రమణ బోరు నీళ్ళే పట్టింది హారికకి. పద్మజ అప్పట్లోనే చెప్పిందట, పాపకి ఈ నీళ్ళు ఇవ్వకండక్కా అని. కానీ ఆమె దొంగ అని ఊళ్ళో అనుకున్నాక ఆమె మాట కూడా దొంగమాటే అయింది. డబ్బా నీళ్ళు తెచ్చుకునే స్తోమత రమణకి లేదు. నేను తెచ్చివ్వొచ్చు. కొన్నాళ్ళు తెచ్చాను కూడా. తర్వాత మానేశాను. ఎందుకు మానేశానంటే, అలవాటు తప్పింది.

హారిక కాళ్ళు మోకాళ్ళ దగ్గర లోపలికి వంగడం మొదలైంది. ఒక రోజు రమణ దాన్ని నా దగ్గరికే తీసుకొచ్చింది, ఎక్స్‌రేకి. టేబులెక్కించి కాళ్ళు సరిచేశాను. పిల్లలకి కదలకమ్మా అని చెప్పడం నాకు అలవాటు. ఆ రోజు ఆ మాట అనకుండానే బటన్ నొక్కాను. ఫిల్మ్ లైటు ముందు పెట్టాను. డాక్టరు గారు వచ్చేలోపు బాత్రూములోకి వెళ్ళి కుళాయి తిప్పుకుని ఏడ్చాను. బయటికొచ్చి డాక్టరు గారికి ఫిల్మ్ ఇచ్చాను. గుంటూరులో ఆపరేషన్ చేశారు. ఇప్పుడు నడుస్తుంది. మెట్లెక్కేటప్పుడు గోడ పట్టుకుంటుంది.

నేను మోసపోయిన సంగతి ఆ తర్వాత తెలిసింది.

కోటయ్య మావయ్య మనవడికి మొక్కు ప్రకారం ఆలస్యంగా చెవులు కుట్టించే వేడుకకి వెళ్ళాను. అప్పటికి వాళ్ళు నరసరావుపేటలో పెద్ద ఇల్లు కట్టుకున్నారు, ఊళ్ళో ఇల్లు కూడా ఉంచుకున్నారు. పిల్లాడు ఏడుస్తూ నోరు తెరిచాడు. మా ఊళ్ళో పుట్టి అక్కడే పెరుగుతున్న పిల్లాడు, హారిక కన్నా కొంచెం చిన్న. పళ్ళు తెల్లగా మెరిసిపోతున్నాయి. మా ఊరి పిల్లల పళ్ళు అలా ఉండవు. గోధుమరంగు చారలుంటాయి, గుంటలుంటాయి. నేను ఆ నోట్లోకి చూస్తూ నిలబడిపోయాను. తర్వాత అత్తయ్యనే మాటల్లో అడిగాను. వాళ్ళింటికి మొదటి నుంచీ బయటి నీళ్ళేనట. పెరటి వైపు నుంచి దించుకునేవాళ్ళట, ఎవరి కంటా పడకుండా.

ఆ ఏడే కేసు వెనక్కి తీసుకున్నారు. రాజీ అన్నారు. క్వారీ రోడ్డు మీద తిరిగే టిప్పర్లు కొన్ని మావయ్య కొడుకు పేరు మీద ఉన్నాయని తర్వాత తెలిసింది. నేను నరసరావుపేట వెళ్ళి అడిగాను. అరవాలనుకుని వెళ్ళాను. ఆయన ముసలివాడైపోయాడు, పడకకుర్చీలో ఉన్నాడు. పెట్టె ఏం చేశావు మావయ్యా అన్నాను. అదా, ఆ రోజే క్వారీ గుంటలో పడేశానుగా అన్నాడు, పాత చెప్పుల సంగతి అడిగినట్టు. తర్వాత నా చెయ్యి పట్టుకుని, "ఊరి కోసమే కదరా చేశాం ఇద్దరం," అన్నాడు.

ఇద్దరం.

దారంతా రగిలిపోయాను. నన్ను పెంచిన మనిషి నన్ను వాడుకున్నాడు. ఊరు ఊరంతటినీ బోరు నీళ్ళ దగ్గర కూర్చోబెట్టి తన పిల్లల్ని గట్టెక్కించుకున్నాడు. ఆ కోపం నాకు చాలా ఏళ్ళు ఆసరాగా ఉంది. అవును, ఆసరా. నేను మోసపోయినవాణ్ణి అనుకున్నంతసేపు నేను మోసం చేసినవాణ్ణన్న సంగతి పక్కకి పోయేది. కానీ ఎక్కడికి పోతుంది? నా పిల్లల్ని నేను గట్టెక్కించుకోలేదా? ఆయనకి పెరటి గుమ్మం ఉంది, నాకు వినుకొండ బస్సుంది. తేడా ఏమిటి? ఆయన పెంచిన మనిషిని నేను, ఆయన్ని నమ్మడంలో వింత లేదు. పద్మజకి నేను ఏమీ కాను. అయినా ఆమె నన్ను అన్నయ్యా అంది.

ఈ మధ్య కోటయ్య మావయ్య పోయాడు. ఊళ్ళో ఆయన గురించి మంచిగానే మాట్లాడుకున్నారు. దినం భోజనాలయ్యాక రమణ తన ఇంటి ముందు కూర్చుని మిరపకాయల తొడిమలు తీస్తోంది. పాపం మావయ్య ఊరికోసం ఎంత తిరిగాడో అంది. ఇక ఆగలేకపోయాను. అంతా చెప్పాను. పెట్టె, స్కూటరు, పద్మజ, పెరటి నీళ్ళు. రమణ చేతులు ఆగలేదు. తొడిమలు తీస్తూనే వింది. అయిపోయాక కొంగుతో మొహం తుడుచుకోబోయి, చేతికి కారం ఉందని గుర్తొచ్చి ఆగింది.

"ఈ మాట హారికకి నేను చెప్పలేను. నువ్వే చెప్పు," అని లోపలికి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి నన్ను అన్నయ్యా అని పిలవలేదు. ఏదైనా కావాలంటే గాల్లోకి చెప్పినట్టు చెబుతుంది.

హారికకి చెప్పాను. ఇంటరు చదువుతోంది. ఏడుస్తుందనుకున్నాను, లేదా తిడుతుందనుకున్నాను. వింటూ తన మోకాలి మీద ఆపరేషన్ మచ్చని వేలితో రాస్తూ కూర్చుంది. చివరికి ఒక్కటే అడిగింది. "ఆవిడకి చెప్పావా మావయ్యా?"

లేదన్నాను. ఫోను తీసుకుని పేరడిగింది. కాసేపు వెతికింది. పద్మజ ఇప్పుడు మంగళగిరి దగ్గర ఒక కాలేజీలో పిల్లలకి జీవశాస్త్రం చెబుతోందట. నెంబరు సంపాదించి నా చేతిలో పెట్టి తను బయటికి వెళ్ళిపోయింది.

చేశాను. ఎవరని అడిగింది. చెప్పాను.  నేను ఎన్నో ఏళ్ళుగా మనసులో కట్టుకున్న మాటలేవీ రాలేదు. క్షమించమని కూడా అనలేకపోయాను. పెట్టె మీరు తీసుకెళ్ళలేదండీ, నా చేతికే ఇచ్చారు, నేనే వేరేవాళ్ళకి ఇచ్చేశాను, తెలిసే అబద్ధం చెప్పాను అన్నాను.

ఆమె అంతా విన్నాక అంది.

"కొన్నేళ్ళయ్యాక నాకే అనుమానం వచ్చిందండీ. నేనే మళ్ళీ వచ్చి తీసుకున్నానేమో, బస్సులో మర్చిపోయానేమో అని. మా నాన్న అయితే అలా అనుకునే పోయాడు. గుర్తు చేసుకుంటుంటే నిజంగానే ఆ పెట్టె నా ఒళ్ళో ఉన్నట్టు కనిపించేది."

ఫోను రెండో చెవికి మార్చుకున్నాను. 

"ఆ పాప ఎలా ఉంది?" అని అడిగింది.

చెప్పాను. కాళ్ళ సంగతి కూడా చెప్పాను. విని ఫోను పెట్టేసింది. మళ్ళీ చేయలేదు. నేనూ చేయలేదు.

మా ఊరికి ఇప్పుడు నది నీళ్ళు పైపులో వస్తున్నాయి, రోజు విడిచి రోజు. రమణ అన్నయ్యా అనదు. పద్మజ క్షమించానని అనలేదు, అంటుందని ఎదురు చూసే అర్హత నాకు లేదు. నేను ఎముకల ఫోటోలు తీస్తూనే ఉన్నాను. ఆమె బస్సులో ఏమీ మర్చిపోలేదు. ఆ పెట్టె ఆమె ఒళ్ళో ఎప్పుడూ లేదు. మావయ్య పోయాక ఆ సంగతి తెలిసినవాళ్ళలో మిగిలింది నేనొక్కణ్ణే. ఇప్పుడు ఆమెకి తెలుసు, మా రమణకి తెలుసు, హారికకి తెలుసు. మీకూ తెలుసు. ఇవాళ కొంచెం ఊపిరాడుతోంది.